వెనక లంగరు

"ఫుల్ వెనక్కి!" కెప్టెన్ వాల్కాట్ మూడోసారి అరిచాడు.

రెండు ఇంజన్లూ గింజుకున్నాయి. ఓడ ఒళ్ళంతా వణికింది. మూడు వందల ఇరవై ఎనిమిది అడుగుల ఇనుము. ముక్కు ఇసుకలో కూరుకుపోయి ఉంది. జానెడు కూడా వెనక్కి జరగలేదు.

ట్యాంకులన్నీ దిగిపోయి పది నిమిషాలు దాటింది. పని అయిపోయాక ఒడ్డున ఒక్క క్షణం కూడా ఉండకూడని ఓడ అది. కొండ వెనక నుంచి జపాన్ వాళ్ళ మోర్టార్లు గుండు గుండుకీ దగ్గరవుతున్నాయి. మొదటిది నీళ్ళలో పడింది. రెండోది ఒడ్డున ఇసుకని ఎగజిమ్మింది.

"వెనక తాడు బిగించమను! ఎందుకు బిగుసుకోవడం లేదది?"

ఆ మాట వైరులోకి చెప్పాల్సినవాడు మెర్ల్ హోస్టెటర్. పందొమ్మిదేళ్ళ వాడు. చెవులకి హెడ్‌ఫోన్, ఛాతీ మీద మైకు, కెప్టెన్‌కి రెండడుగుల దూరంలో చోటు. కెప్టెన్ అన్న మాటని అక్షరం మార్చకుండా ఓడలో అవతలి చివరికి చెప్పడం, అవతలి నుంచి వచ్చిన జవాబుని అలాగే కెప్టెన్‌కి అప్పజెప్పడం. అంతే అతని పని. సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు.

మెర్ల్ బటన్ నొక్కాడు. "వెనక లంగరు, తాడు బిగించండి."

హెడ్‌ఫోన్లో ఆర్విల్ టాకెట్ గొంతు పలికింది. ఓడ తోకన, లంగరు తాడు చుట్టే వించ్ యంత్రం దగ్గర కూర్చునే కెంటకీ కుర్రాడు.

"ఏ తాడురా? లంగరు ఇక్కడే వేలాడుతోంది. వదలమని చెబితే కదా వదిలేది! పొద్దున్నుంచీ బ్రేకు మీద చెయ్యేసి కూర్చున్నా."

మెర్ల్ బటన్ మీంచి వేలు తీశాడు.

ఇలాంటి ఓడ ఒడ్డెక్కాలంటే ముందుగా తిరిగి వెళ్ళే దారి చూసుకోవాలి. ఇంకా నీళ్ళలో ఉండగానే తోకన లంగరు వదిలేస్తారు. ఓడ ముందుకు పోతుంటే ఉక్కు తాడు వెనకాలే సాగుతుంది. ట్యాంకులు దిగాక ఆ తాడుని వించ్‌కి చుట్టుకుంటూ తనని తానే సముద్రంలోకి లాక్కుంటుంది. లంగరు వదలని ఓడ ఒడ్డున పడ్డ చేప.

"ఏమంటున్నాడు వాడు?"

"లంగరు దిగలేదంటున్నాడు సార్."

"దిగలేదా?" కెప్టెన్ గిరుక్కున తిరిగాడు. "నేను వదలమన్నాను. నువ్వు వైరులో చెప్పావు, నా చెవులతో విన్నాను. 'వదిలారు సార్' అని జవాబు కూడా నువ్వే చెప్పావు. చెప్పావా లేదా?"

"చెప్పాను సార్."

ఆ మాట అంటూ మెర్ల్ తన కుడిచేతిని చూసుకున్నాడు. వంటవాడు ఎమిల్ బ్రాంట్ తెల్లవారుతూనే పైకి తెచ్చిచ్చిన కాఫీ మగ్గు అక్కడ, కటకటాల మీద, ఆ చేతి పక్కనే ఉంది. ఇంకా సగం కాఫీ ఉంది. మూడో గుండు పడ్డ అదురుకి అది జారి సముద్రంలో పడిపోయింది.

ఆ తర్వాత అలలు ఓడ తోకని పక్కకి తోసేశాయి. ఓడ ఒడ్డుకి అడ్డంగా తిరిగి ఒరిగింది. మళ్ళీ పోటు వచ్చి, లాగే పడవ తాడు వేసేదాకా ఆరు గంటలు అలాగే పడి ఉంది. ఆ ఆరు గంటల్లో ముగ్గురు పోయారు. అందులో ఎమిల్ బ్రాంట్ ఒకడు.

*

ముప్పై నాలుగేళ్ళ తర్వాత, అక్టోబరు నెలలో ఒక శనివారం పూట, ఇండియానా రాష్ట్రంలోని ఎవాన్స్‌విల్ ఊళ్ళో, ఒహాయో నది ఒడ్డున ఉన్న హోటల్లో పాత నావికులు పద్దెనిమిది మంది భోజనానికి చేరారు. ఏటా చేరతారు. వాళ్ళ ఓడ పుట్టింది ఆ ఊళ్ళోనే.

హాలు గుమ్మం దగ్గర బల్ల మీద పుస్తకాలు పేర్చి ఉన్నాయి. నీలం అట్ట, ఇరవై నాలుగు పేజీలు. ఓడ సేవా చరిత్ర. రాసినవాడు మెర్ల్ హోస్టెటర్. యుద్ధం నుంచి వచ్చాక జిల్లా కోర్టులో సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు చేసే ఉద్యోగంలో చేరాడు. మూడేళ్ళ కిందట దిగిపోయాడు. రిటైరయ్యాక రెండేళ్ళు కూర్చుని ఈ పుస్తకం రాశాడు.

మొక్కజొన్న చేను చదును చేసి కట్టిన యార్డులో ఓడ పుట్టడం దగ్గర మొదలైంది పుస్తకం. ఇనుప రేకుల అతుకులన్నీ ఆడవాళ్ళే వేశారు. నది ఇరుకు కాబట్టి ఓడని పక్కవాటున నీళ్ళలోకి జార్చారు. అవతలి గట్టున చూడ్డానికొచ్చిన జనం మోకాళ్ళదాకా తడిశారు. అక్కణ్ణుంచి మిసిసిపీ మీదుగా న్యూ ఓర్లీన్స్, పనామా, పసిఫిక్. నాలుగు తీరాల్లో ట్యాంకులు దింపింది. వెళ్ళేప్పుడు ట్యాంకులు మోసిన అదే కడుపులో, వచ్చేప్పుడు గాయపడ్డవాళ్ళని స్ట్రెచర్ల మీద వరసగా పడుకోబెట్టుకుని తెచ్చింది. అలాంటివాళ్ళు మొత్తం ఏడు వందల నలభై మంది. ఓడకి పేరు లేదు, నంబరే. కుర్రాళ్ళే ముద్దుగా బురద బర్రె అని పిలుచుకునేవాళ్ళు. యుద్ధం అయ్యాక తుక్కు కింద అమ్మేశారు. మిగిలింది గంట ఒకటి, కెప్టెన్ టోపీ ఒకటి, మెర్ల్ పెట్టుకున్న హెడ్‌ఫోన్ ఒకటి. మూడూ ఆ బల్ల మీదే ఉన్నాయి.

"హోస్టెటర్ గారంటే మీరేనా?"

మెర్ల్ తలెత్తాడు. ముప్పై దాటిన స్త్రీ. ఆస్పత్రి నర్సు తెల్ల బూట్లు, పైన గోధుమరంగు కోటు. చేతిలో నీలం పుస్తకం. పదకొండో పేజీలో వేలు పెట్టి పట్టుకుంది.

"నేనేనమ్మా. మీరు..."

"వెర్నా. ఆర్విల్ టాకెట్ కూతుర్ని."

మెర్ల్ కుర్చీ పట్టుకున్నాడు.

"పుస్తకం చాలా బాగా రాశారు," అంది వెర్నా. "మా నాన్నకి చదివి వినిపిద్దామని నెల క్రితం తెప్పించుకున్నాను. పదో పేజీ దాకా చదివాను. తర్వాత కళ్ళజోడు మర్చిపోయానని అబద్ధం చెప్పాను." ఆమె పుస్తకం విప్పి మెల్లిగా చదివింది. "'వించ్ నడిపేవాడి అలక్ష్యం వల్ల వెనక లంగరు దిగలేదు. ఆరు గంటలు ఓడ ఒడ్డున చిక్కుకుంది. ముగ్గురు మరణించారు.' ఆయన పేరైనా రాయలేదేం?"

"సిబ్బంది పట్టీలోంచి తీసేశారమ్మా. విచారణ తర్వాత."

"తెలుసు. ఓడలోంచి తీసేశారు, నౌకాదళంలోంచి తీసేశారు. యుద్ధం నుంచి వచ్చిన ప్రతివాడికీ సర్కారు వాళ్ళు కాలేజీ చదువన్నారు, ఇంటి అప్పన్నారు. మా నాన్నకి పెట్రోలు బంకు దక్కింది. దానికి ఏడవడం లేదు, ఏడ్చేదేదో మా అమ్మే ఏడ్చి పోయింది." వెర్నా కోటు గుండీ తిప్పుతూ ఆగింది. "నాన్నకి ఊపిరితిత్తులు పోయాయి హోస్టెటర్ గారూ. క్రిస్మస్ చూడడని డాక్టర్లు చెప్పేశారు. ఒక్కటే అడుగుతున్నాడు. శవపెట్టె మీద జెండా కప్పుతారా అని. తరిమేసినవాళ్ళకి కప్పరు."

మెర్ల్ బల్ల మీది హెడ్‌ఫోన్ వైపు చూశాడు.

"రికార్డు దిద్దే బోర్డుకి మళ్ళీ అర్జీ పెట్టాం. వచ్చే మంగళవారం వింటారు. లాయరు ఒకటే మాటన్నాడు. 'అప్పుడు శబ్దంగా ఉంది, సరిగ్గా గుర్తులేదు' లాంటి కాగితం పనికిరాదట. అలాంటిది ఇదివరకే కొట్టేశారట. ఆ వైరుకి అటు చివర నాన్న, ఇటు చివర మీరు. నాన్న ఆజ్ఞ రాలేదంటాడు. మీరు జవాబు విన్నానన్నారు. ఇద్దరిలో ఒకరే నిజం."

"చాలా కాలమైందమ్మా..."

"మా నాన్నకి ఆ రోజు బ్రేకు మీద ఏ చెయ్యి వేసి కూర్చున్నాడో గుర్తుంది." ఆమె గొంతు పెంచలేదు. "నేను పోట్లాడ్డానికి రాలేదు. మీరు ఆయన గొంతు వినే ఉంటే, విన్నానని నా మొహం మీద చెప్పండి. ఇంటికెళ్ళిపోతాను. నాన్న ముప్పై నాలుగేళ్ళు అబద్ధం చెప్పాడా అన్నది ఆయన పోకముందే నాకు తెలియాలి."

అప్పుడే వెనక నుంచి ఒక బరువైన చెయ్యి మెర్ల్ భుజం మీద పడింది.

"ఒరేయ్ చిలకా! కోడి వేయించి పెట్టారు, చల్లారిపోతోంది!" క్లీటస్ బోమ్. ఇంజన్ గదిలో పని చేసినవాడు, ఇప్పుడు ఈ సంఘానికి పెద్ద. మెర్ల్‌ని ఆ రోజుల నుంచీ చిలకా అనే పిలుస్తాడు. వెర్నాని చూసి టోపీ తీశాడు. "ఎవరమ్మా, బంధువులా?"

"టాకెట్ కూతురు," అన్నాడు మెర్ల్.

క్లీటస్ మొహంలో నవ్వు ఆరిపోయింది. "భోంచేసి వెళ్ళమ్మా," అన్నాడు, మర్యాద తప్పకుండా. మెర్ల్‌ని జబ్బ పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు.

"ఏం అడుగుతోంది?"

"నిజం అడుగుతోంది."

"నిజం కోర్టు తేల్చింది కదరా. ఆ ఒకటో నంబరు బల్ల చూడు. ఎమిల్ పెళ్ళాం ఒటీలీ బ్రాంట్ కూర్చుంది. నువ్విప్పుడు అదీ ఇదీ అని వాగితే, ఇన్నాళ్ళూ ఆవిడ ఎవణ్ణి తిట్టుకుంటూ బతికిందో వాడు కాదంటే, ఇక ఎవణ్ణి తిట్టుకోవాలి? నన్నా?"

"నువ్వు ఇంజన్ గదిలో ఉన్నావు కదరా."

"మరి అదే! నా ఇంజన్లు బ్రహ్మాండంగా తిరిగాయి. యార్డులో మా ఆవిడ వేసిన అతుకులు కూడా ఊడలేదు." క్లీటస్ నవ్వాడు. "పద. నీ ఆట లేకపోతే వీళ్ళకి తిండి సహించదు."

*

మెర్ల్ తినలేదు. ప్లేటులో వేయించిన కోడి, బీన్స్ అలాగే ఉండిపోయాయి.

చెప్పాలని ఇదివరకు అనుకోలేదా అంటే, అనుకున్నాడు. పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఒకసారి వంతెన దాటి కెంటకీలోని ఓవెన్స్‌బరో దాకా కారు నడిపాడు. టాకెట్ పెట్రోలు బంకులోనే ఆపాడు. టాకెట్ అతన్ని చూడగానే గుర్తుపట్టాడు. కారు అద్దం నీళ్ళతో శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడుస్తూ అన్నాడు.

"బాగున్నావా మెర్ల్? ఆ రోజు వైరు ఎక్కడో తెగి ఉంటుందిరా. నిన్నేం అనడం లేదులే."

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. అద్దం మెరిసిపోతోంది. మెర్ల్ "ఉంటాను ఆర్విల్," అని కారు స్టార్ట్ చేశాడు.

వైరు తెగలేదని మెర్ల్‌కి తెలుసు. ఆ ఛాతీ మైకుకి ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితేనే మాట వైరులోకి పోతుంది. నొక్కకపోతే గాల్లోకి పోతుంది. ఆ రోజు ఫిలిప్పీన్స్‌లోని లుజాన్ తీరం దగ్గరవుతుండగా కెప్టెన్ "వెనక లంగరు వదలండి" అన్నాడు. మెర్ల్ ఎడమచెయ్యి ఊగుతున్న ఓడ కటకటాన్ని పట్టుకుని ఉంది. కుడిచేతిలో బ్రాంట్ ఇచ్చిన కాఫీ ఉంది. వేడిగా, తియ్యగా ఉంది. "వెనక లంగరు వదలండి" అని గట్టిగా అన్నాడు. కెప్టెన్ విన్నాడు. వైరు వినలేదు.

అక్కడితో పోయినా సరిపోయేది. అవతలి నుంచి జవాబు వచ్చేదాకా ఆగి, వచ్చాకే కెప్టెన్‌కి చెప్పాలన్నది వాళ్ళ పద్ధతి. ఆ కసరత్తు రెండు వందల సార్లు చేశారు. రెండు వందల సార్లూ జవాబు వచ్చింది. రెండు వందల ఒకటోసారి, ఫిరంగుల మోతలో, రాని జవాబుని నోరే అలవాటుగా అనేసింది. "వదిలారు సార్."

టాకెట్ తనంతట తానే వదిలేసి ఉండాల్సింది కదా అని విచారణలో అడిగారు. నెల క్రితం వేరే తీరంలో వాడు అదే పని చేశాడు. దూరం కళ్ళతో చూసి, ఆజ్ఞ కోసం ఆగకుండా లంగరు వదిలేశాడు. మరీ ముందే వదలడంతో తాడు చాల్లేదు. "ఇంకోసారి నా మాట లేకుండా బ్రేకు ముట్టుకున్నావంటే నీ చర్మం వలుస్తాను. వైరులో సలహాలు కూడా ఇవ్వకు. అడిగినప్పుడే నోరు విప్పు," అని కెప్టెన్ అందరి ముందూ దులిపేశాడు. అందుకే ఆ రోజు టాకెట్ ఇసుక దగ్గరవుతుంటే చూస్తూ కూడా కూర్చున్నాడు. ఓడ ఒడ్డెక్కాక కూడా, ఈసారి లంగరు వద్దనుకున్నారు కాబోలని నోరు మూసుకున్నాడు. చెప్పిన మాట విన్నందుకే బలైపోయాడు.

విచారణ బల్ల వెనక ముగ్గురు అధికారులు. మెర్ల్‌ని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "అవతలి నుంచి జవాబు విన్నావా?"

కాఫీ మగ్గు సముద్రం అడుగున ఉంది. చూసినవాడు బ్రాంట్ ఒక్కడే. వాడూ లేడు.

"విన్నాను సార్."

ఒడ్డు దగ్గర జరిగింది పొరపాటు. బల్ల దగ్గర జరిగింది పొరపాటు కాదు. ఆ తర్వాత కోర్టులో ముప్పై ఏళ్ళపాటు, బైబిలు మీద చెయ్యి వేసి అబద్ధమాడేవాళ్ళ గొంతులో చిన్న తడబాటు వినిపించిన ప్రతిసారీ, టైపు మిషను మీద అతని వేళ్ళు ఒక్క క్షణం ఆగేవి.

*

గంట మోగింది. పోయినవాళ్ళ పేర్లు చదివారు. ఒక్కో పేరుకీ ఒక దెబ్బ. ఎమిల్ బ్రాంట్ పేరు దగ్గర ఒటీలీ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆమెకి అరవై దాటాయి. ఏటా మెర్ల్ ఆమెకి 'యాపిల్ పై' అనే తీపి రొట్టె ముక్క తెచ్చిస్తాడు. ఏటా ఆమె ఒకటే అడుగుతుంది. "ఆ రోజు పొద్దున మా ఆయన ఏం చేశాడో మళ్ళీ చెప్పు." ఏటా అతను చెబుతాడు. "నాకు కాఫీ తెచ్చిచ్చాడు. పంచదార రెండు చెంచాలు వేశాడు." ఆ రోజు గురించి అతను నిజంగా చెప్పేది అదొక్కటే.

"ఇక ఆట!" క్లీటస్ కెప్టెన్ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. హాలంతా బల్లలు చరిచింది.

ఇది ప్రతి ఏడూ ఉండేదే. మెర్ల్ పాత హెడ్‌ఫోన్ పెట్టుకుని నిలబడతాడు. క్లీటస్ కెప్టెన్‌లా గర్జిస్తాడు. మెర్ల్ ఆ మాట అప్పజెబుతాడు. హాలంతా ఒక్కసారిగా, "సార్, టాకెట్ నిద్రపోతున్నాడు!" అని అరిచి గురక పెడుతుంది. ఇరవై ఏళ్ళుగా అందరూ నవ్వుతున్నారు. మెర్ల్ కూడా నవ్వాడు.

గుమ్మం దగ్గర వెర్నా కోటు గుండీలు పెట్టుకుంటోంది. కారు తాళాలు చేతిలో ఉన్నాయి. మెర్ల్ జవాబు ఇవ్వలేదు కాబట్టి జవాబు తెలిసిపోయిందని అనుకుని ఉంటుంది.

"వెనక లంగరు వదలండి!" క్లీటస్ గర్జించాడు.

మెర్ల్ లేచాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. మైకు తగిలించుకున్నాడు. తర్వాత ఎవరూ అనుకోని పని చేశాడు. ఒకటో నంబరు బల్ల దగ్గరికి నడిచి, ఒటీలీ ముందున్న కాఫీ కప్పు కుడిచేత్తో తీసుకున్నాడు. ఎడమచేత్తో ఆమె కుర్చీ వెనక కర్ర పట్టుకున్నాడు.

"వెనక లంగరు వదలండి," అన్నాడు.

"సార్, టాకెట్—" అని నలుగురైదుగురు మొదలుపెట్టారు. మెర్ల్ మొహం చూసి ఆగిపోయారు. ఒకడు మాత్రం చూడలేదు. ఒంటరిగా రెండు గురకలు పెట్టి, సిగ్గుపడి ఊరుకున్నాడు.

గుమ్మం దగ్గర వెర్నా వెనక్కి తిరిగింది.

"అందరూ విన్నారు కదా?" మెర్ల్ అడిగాడు.

"విన్నాంరా చిలకా, కొత్తగా ఏమిటిది?" క్లీటస్ నవ్వబోయాడు.

"కెప్టెన్ కూడా ఇలాగే విన్నాడు. ఇప్పుడు నా చేతులు చూడండి. కుడిచెయ్యి ఎక్కడుంది? ఎడమచెయ్యి ఎక్కడుంది? మైకు బటన్ ఎవరు నొక్కారు?"

 అక్కడున్న పద్దెనిమిది మందికీ ఆ బటన్ సంగతి తెలుసు. ఒక్కొక్కరి మొహంలో అది మెల్లిగా దిగడం మెర్ల్ చూశాడు.

"ఆపరా," అన్నాడు క్లీటస్. టోపీ తీసేశాడు. "జవాబు విన్నానన్నావు కదా? ప్రమాణం చేసి చెప్పావు."

"చెప్పాను. వినలేదు. ఆర్విల్ మెలకువగానే ఉన్నాడు, బ్రేకు మీద చెయ్యి వేసుకుని. నేను పంపని మాట కోసం కూర్చున్నాడు."

"ముప్పై నాలుగేళ్ళురా..." క్లీటస్ టోపీని బల్ల మీద పడేశాడు. "ప్రతి ఏడూ నాతో గురక పెట్టించావు."

"పెట్టించాను."

ఒటీలీ బ్రాంట్ కూర్చునే తలెత్తి మెర్ల్ చేతిలోని కప్పు వైపు చూసింది. 

"ఇదేనా ఆ కాఫీ?" అంది.

"ఇదేనండీ."

"రెండు చెంచాల పంచదార."

"అవునండీ."

ఆమె కప్పు అతని చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది. కాఫీ కాస్త తెల్లగుడ్డ మీద ఒలికింది. ఇన్నాళ్ళూ అతను తెచ్చిచ్చిన యాపిల్ పై ముక్కల్లో ఆఖరిది ఆమె ముందే ఉంది. దాన్ని కాస్త పక్కకి జరిపింది.

వెర్నా బల్లల మధ్య నుంచి నడిచి వచ్చింది. సంచిలోంచి కాగితం, పెన్ను తీసింది. మొహం తడిసిపోయి ఉంది, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"బోర్డుకి పేరు కావాలి హోస్టెటర్ గారూ. ఎవరి తప్పో, ఆ మనిషి పేరు."

మెర్ల్ హెడ్‌ఫోన్ తీసేశాడు. ఎవరి మాటా అప్పజెప్పడానికి లేదు. కోర్టులో వేలమంది సాక్షులు నిలబడ్డట్టు చేతులు పక్కన పెట్టుకుని నిలబడ్డాడు. ఓవెన్స్‌బరోలో ఊపిరి కోసం తన్నుకుంటున్న మనిషికి కూడా వినపడాలన్నట్టు, హాలు చివరిదాకా వినపడేలా చెప్పాడు.

"రాసుకో అమ్మా. మెర్ల్ హోస్టెటర్."